తల చూడందే సూది పట్టని మనిషి

మా బాబాయి మనవరాలు, నాకు మేనకోడలయ్యే శ్రావ్య పోరు పడలేక ఈమధ్య ఒక మధ్యాహ్నం జూబ్లీహిల్స్‌లో ఒక విగ్గుల దుకాణానికి వెళ్ళాను. దుకాణం అంటే శ్రావ్య ఊరుకోదు, స్టూడియో అనాలట. నా నడినెత్తిన పాపిట ఏటేటా రోడ్డు వెడల్పు చేస్తున్నట్టు పెరుగుతోందనీ, పుస్తకం వెనక అట్ట మీద ఫొటో వేస్తే బాగుండదనీ దాని బాధ. చల్లటి గదిలో మెత్తటి కుర్చీలో కూచోబెట్టి, ఒకమ్మాయి ఫోను పట్టుకుని నా చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. అంతే, నా తలకాయ తెర మీద గిరగిరా తిరుగుతూ ప్రత్యక్షమైంది. కొలతలన్నీ అదే చెప్పేసింది. ఆ అమ్మాయి వేలు కూడా నా తలకు తగల్లేదు. కొద్ది రోజుల్లోనే విగ్గు ఇంటికొచ్చింది, బాగానే కుదిరింది, నేను పెట్టుకుంటున్నాను కూడా. కుదరలేదని చెబితే కథకు బాగుంటుంది గానీ అబద్ధమవుతుంది. విగ్గులు కట్టేవాడి కూతురు విగ్గు కొనుక్కుందని తెలిస్తే మా అమ్మ నెల్లాళ్ళు చెప్పుకుని నవ్వేది. నాకు మాత్రం ఆ వేళ ఫిల్మ్‌నగర్ వాలు దిగి, కృష్ణానగర్ మీదుగా మధురానగర్‌లో మా ఇల్లు చేరేదాకా నాన్నే గుర్తొస్తూ ఉన్నాడు.

కృష్ణానగర్‌లో ఒక ఇరుకు సందులో మేడ మీద రెండు గదులు మావి. ముందుగదిలో నాన్న పని, వెనక గదిలో మా కాపురం, రెంటికీ కలిపి ఒకటే వాసన. కుంకుడు రసం, సాంబ్రాణి పొగ, దాని వెనకాల విగ్గు అంచులకు రాసే జిగురు ఘాటు. జుట్టు గుళ్ళ నుంచి గోతాల్లో వచ్చేది. విప్పగానే నాన్న ఒక పాయ తీసి కళ్ళకద్దుకునేవాడు, ఎవరి మొక్కో ఏమో అని. ఆ తర్వాత అమ్మ వంతు. కుంకుడుకాయలు కొట్టి, నానబెట్టి, పెద్ద బేసిన్లలో ఆ జుట్టంతా రుద్ది, డాబా మీద తాళ్ళకు వేలాడదీసేది. కుంకుడుకాయలు అమ్మే ఆవిడ మా వాడకం చూసి, ఇంతకీ మీకు ఎంతమంది ఆడపిల్లలమ్మా అని జాలిగా అడిగింది ఒకసారి. నేనొక్కదాన్నే అంటే నమ్మలేదు. ఆరిన జుట్టును మేకులు దిగ్గొట్టిన చెక్క మీద లాగి, పొడుగు వారీగా విడదీసి అమ్మ అందిస్తుంటే, నాన్న సన్నటి వలగుడ్డ మీద కొక్కెం సూదితో ఒక్కొక్క వెంట్రుకే ముడి వేసేవాడు. పూర్తయిన విగ్గులు కొయ్య తలలకు తొడిగి కిటికీలో పెట్టేవాళ్ళం. సందు మొదట్లోంచి చూసేవాళ్ళకు మా ఇంట్లో ఎప్పుడూ చుట్టాలు దిగినట్టు కనిపించేది. కింద వాటాలో ఉండే ఇంటి ఓనరు లచ్చమ్మ మాత్రం రోజూ మెట్ల కింద నిలబడి పైకి ఒక కేక వేసేది. "ఏంది భద్రం, నీ ఎంటికలు మల్ల నా పప్పుల వడ్డయి. జర జూస్కో." నాన్న దిగివెళ్ళి, ఆ వెంట్రుక చేతికి తీసుకుని పరిశీలనగా చూసి, ఇది మా సరుకు కాదు లచ్చమ్మా, మీదే, అని చెప్పి వచ్చేవాడు. ఆ మాట నిజమయ్యేది చాలాసార్లు.

నాన్నది రేపల్లె దగ్గర పల్లె. చిన్నతనంలో నాటకాల వాళ్ళ వెంట పడి తిరిగాడు. వేషాలంటే ప్రాణం, వేషాలకు మాత్రం ఈయన మీద అంత ప్రేమ లేదు. ఎప్పుడూ రాజుగారి వెనక బల్లెం పట్టుకుని నిలబడే భటుడే. ఒక ఊళ్ళో బిగుతు విగ్గు ఒకటి నెత్తిన కొట్టారట. చెవుల పైన నరాలు నొక్కుకుపోయి, ఉన్న ఒక్క మాట, "చిత్తం ప్రభూ" అన్నది, రాజుగారు పిలవకముందే ఒకసారి, పిలిచాక మళ్ళీ ఒకసారి అనేశాడు. జనం ఈలలు వేశారు. ఆ రాత్రి తర్వాత వేషం మానేసి విగ్గులు కట్టడం నేర్చుకున్నాడు. ఈ కథ చెప్పినప్పుడల్లా తనే ముందు నవ్వేవాడు. నవ్వి, చివర్లో ఎప్పుడూ ఒకే మాట అనేవాడు. వెనక నిలబడ్డవాడు కూడా ఇంటికెళ్ళి, ఇవాళ నేను వేషం వేశానని చెప్పుకుంటాడమ్మా, అని.

అందుకే నాన్నకు ఒక పట్టింపు ఉండేది. తల చూడందే సూది పట్టడు. హీరోల తలలు అందరూ చూస్తారు, బంగళాలకు వెళ్ళి మరీ కొలుస్తారు. నాన్న గుంపులో మనిషి తల కూడా చూడాలనేవాడు. ఎదురుగా కూచోబెట్టి, టీ ఇచ్చి, మాటల్లో పెట్టి, నుదురు దగ్గర, చెవుల వెనక, మెడ దగ్గర వేళ్ళతో తడిమి, దారంతో కొలిచి ముడి వేసి, ఆ దారానికి పేరు రాసిన చీటీ కట్టేవాడు. చీటీలు రాయడం నా పని. షూటింగు నుంచి తిరిగొచ్చిన విగ్గును, అది చివరి వరసలో నిలబడ్డవాడు పెట్టుకున్నదైనా సరే, ఆ రోజే ఉతికి ఆరెయ్యాలి. ఇదే పద్ధతి బజారుకు వెళ్ళినా, చుట్టాలొచ్చినా. ఎవరు తింటారో కనుక్కోకుండా కూరగాయ కొనేవాడు కాదు. ఈయనకు కూరలో ఉప్పు వెయ్యాలన్నా ముందు నాలిక కొలవాలి అనేది అమ్మ. ఇంటర్లో నన్ను లెక్కల్లో చేర్పించమని మా బాబాయి పట్టుబడితే, చదివేది ఎవరు అని ఒక్క ప్రశ్న అడిగి, నన్ను ఎదురుగా కూచోబెట్టుకుని, ఎవరూ చెప్పకుండా నువ్వు తెరిచే పుస్తకం ఏది అని అడిగాడు. కథల పుస్తకాలని చెప్పాను. ఆర్ట్స్‌లో చేర్పించాడు. ఈమధ్య శ్రావ్య ఆఫీసులో, మీ జీవితానికి పర్పస్ ఏమిటి, మీ రోజువారీ పనులు దానికి తగ్గట్టు ఉన్నాయా అని ఒక క్లాసు పెట్టి, రంగురంగుల కాగితాలు గోడకు అంటించమన్నారట. నాన్నకు గోడ అవసరం పడలేదు. ఆయనకా మాటలు కూడా తెలియవు.

అమ్మకు ఉన్న కోరిక ఒకటే. ఫిల్మ్‌నగర్ రోడ్డు మీద ఒక చిన్న గది, దానికి బోర్డు. అక్కడ ఖాళీగా ఉన్న ఒక గదిని చూసి వచ్చింది కూడా. అద్దం ఎక్కడ పెట్టాలో, కొయ్య తలలు ఏ వరసలో ఉండాలో, వచ్చినవాళ్ళు ఎక్కడ చెప్పులు విప్పాలో అంతా అనేసుకుంది. వెనక గదిలో ఇక జుట్టు ఉండదు, అన్నంలో వెంట్రుక రాదు, రాత్రి పక్క వేసుకునే ముందు గోతాలు జరపక్కర్లేదు. ఇవన్నీ చెబుతున్నప్పుడు అమ్మ మొహం చూడాలి. కుంకుడు నురగతో చేతులు పాలిపోయి ఉండేవి అప్పటికే.

సరిగ్గా అలాంటి రోజుల్లో మూర్తిగారు మా మెట్లెక్కి వచ్చారు. పెద్ద జానపద సినిమా ఒకటి మొదలవుతోంది, ఆయన దానికి ప్రొడక్షన్ మేనేజరు. సైనికులు, మునులు, పురజనులు, అందరి విగ్గులూ భద్రంగారే కట్టాలి అన్నారు. ఈ ఒక్క పనితో అమ్మ గది వచ్చేస్తుందని నాకు కూడా అర్థమైంది. మనుషులు ఎవరండీ అని అడిగాడు నాన్న.

"గుంపులో ఎవరుంటే ఏంటండీ భద్రంగారూ. ఆ పొద్దున ఎవరు దొరికితే వాళ్ళే. ఒకటే సైజు లాగించెయ్యండి," అన్నారు మూర్తిగారు నవ్వుతూ.

నాన్న కిటికీలో కొయ్య తలల వైపు ఒకసారి చూసి, అలాగేనండి అన్నాడు. కర్టెన్ వెనక నిలబడ్డ అమ్మ ఆ మాట వినగానే పొయ్యి దగ్గరికి పరిగెత్తి పరమాన్నం పెట్టింది. లచ్చమ్మకు కూడా ఒక గిన్నె పంపించింది, పప్పులో వెంట్రుకలకు పరిహారంగా.

పని మాత్రం సాగలేదు. నాన్న పొద్దున్నే స్నానం చేసి కొయ్య తల ముందు కూర్చునేవాడు. నాలుగు ముడులు వేసేవాడు, లేచి కిటికీ దగ్గరికి వెళ్ళేవాడు, మళ్ళీ వచ్చేవాడు. కట్టిన రెండు మూడూ చేతిలో తిప్పి చూసుకుని పక్కన పెట్టేసేవాడు. అమ్మకు భయం పట్టుకుంది. మూర్తిగారు తలలు అక్కర్లేదన్నారుగా, ఇంకేంటి మీకు, అని అడిగింది. నాన్న సూది కింద పెట్టి, "ఆయన అక్కర్లేదన్నాడు. పెట్టుకునేవాళ్ళు అన్లేదుగా," అన్నాడు. ఎటూ పిలిచేది కృష్ణానగర్ వాళ్ళనే కదా, నలుగురి కొలతలు తీసుకుంటే దారి దొరుకుతుంది అనుకుని, మర్నాడు పొద్దున్నే దారపు ఉండ జేబులో వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని, జూనియర్ ఆర్టిస్టులు పని కోసం గుమిగూడే చోటికి బయల్దేరాడు.

ఇక్కడే ఆయన ఒక సంగతి మరిచిపోయాడు. మిగతా ఊళ్ళలో ఎవరైనా వచ్చి మనిషిని కొలిస్తే పండక్కి బట్టలు కుట్టిస్తున్నారని అర్థం. కృష్ణానగర్‌లో కొలిస్తే వేషం వచ్చిందని అర్థం. నాన్న తనకు తెలిసిన యాదగిరిని పిలిచి, అరుగు మీద కూచోబెట్టి, నుదుటి చుట్టూ దారం తిప్పాడు. యాదగిరి ఏళ్ళ తరబడి పోలీసు వేషంలో జీపు వెనక నిలబడే మనిషి. ఆ దారానికి నేను చీటీ కట్టేలోపు అతని వెనక ఇంకొకరు నిలబడ్డారు. ఆయన వెనక ఇంకొకరు. కాసేపట్లో వరస టీకొట్టు దాటింది, టీకొట్టాయన పొయ్యి మీద పాలు వదిలేసి వచ్చి తనూ నిలబడ్డాడు. డాన్సర్లు వచ్చారు, ఫైటర్లు వచ్చారు, నున్నటి గుండుతో ఒక వంటమేస్త్రి వచ్చి విగ్గుకు నాకన్నా అర్హుడెవరని వాదించాడు. వేషాల సంగతి నాకు తెలీదయ్యా, నేను విగ్గులవాణ్ణి అని నాన్న మొత్తుకుంటూనే ఉన్నాడు. మనుషుల్ని ఎంచేవాళ్ళందరూ మొదట అలాగే అంటారని ఒకళ్ళనొకళ్ళు చూసుకుని కన్ను గీటుకున్నారు. మా కోసం వెతుక్కుంటూ వచ్చిన లచ్చమ్మ కూడా కొంగు సర్దుకుని వరసలో చేరింది. "నాగ్గూడ కొలువు భద్రం. రాజుగారి తల్లి లెక్క ఉండనా నేను?" అని అడిగింది. ఉంటావనే అన్నాడు నాన్న, ఆ ఒక్క మాటా నిజమే కాబట్టి.

సాయంత్రానికి, పొద్దున వరసలో కొలిపించుకున్న కోటేశ్వరి మా ఇంటికొచ్చింది. గుడివాడ అమ్మాయి, పాటల్లో వెనక వరసలో ఆడేది, మా పక్క సందులో మరో ఇద్దరితో గది పంచుకుని ఉండేది. చేతిలో జిలేబీ పొట్లం. వస్తూ వస్తూ ఎస్టీడీ బూతులోంచి వాళ్ళమ్మకు ఫోన్ చేసి, ఈసారి పేరున్న వేషమే అని చెప్పిందట. నా జడలో మూర మల్లెపూలు పెట్టి, నాన్న కాళ్ళకు దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. నాన్న చేతిలో జిలేబీ అలాగే ఉండిపోయింది. ఆయన మొహంలో అంత దిగులు నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. అమ్మ తేలిగ్గా తీసేసింది. ఈ ఊళ్ళో ఆశ పెట్టి వదిలేసినవాళ్ళు ఎంతమంది లేరు, నాలుగు రోజులు పోతే వాళ్ళే మరిచిపోతారు, ముందు మీరు పనిలో కూచోండి అంది. నాకూ అమ్మ చెప్పిందే సబబుగా తోచింది.

మర్నాడు నాన్న తెల్లచొక్కా వేసుకుని, దారాల కట్ట సంచీలో పెట్టుకుని, నన్ను తీసుకుని ఫిల్మ్‌నగర్‌లో మూర్తిగారి ఆఫీసుకు వెళ్ళాడు. మూర్తిగారు చెడ్డమనిషి కాదు, మాకు కూల్‌డ్రింకులు తెప్పించారు. నాన్న ఆయన్ని రెండు కోరికలు అడిగాడు. ఈ కొలిచినవాళ్ళని పిలిపించండి. అది కాకపోతే, ఏజెంటు ఎవరిని తెస్తాడో ముందే నాకు చూపించండి, వాళ్ళ తలలకే కడతాను. మనుషులను ఇచ్చే పని అప్పటికే ఒక ఏజెంటుకు అప్పగించేశామనీ, వాడు ఎవరిని తెస్తాడో వాడికే తెలియదనీ మూర్తిగారు ఓపిగ్గా చెప్పారు. చివరికి, "విగ్గులు మీ పని, మనుషులు నా పని. రెండూ కలపకండి," అన్నారు.

"నాకు రెండూ ఒకటేనండి," అన్నాడు నాన్న. ఆ పని తనవల్ల కాదని, ఇంకెవరికైనా ఇచ్చుకొమ్మని చెప్పి, చేతులు జోడించి లేచాడు.

దిగి వస్తుంటే దారిలో నాకు చెరుకురసం ఇప్పించాడు. నేను తాగుతుంటే, అమ్మకు నువ్వు చెబుతావా అని అడిగాడు. నేను చచ్చినా చెప్పనన్నాను. ఆ క్షణంలో నాకు నాన్న మీద కోపంగా ఉంది. ఆయన మంచితనానికి అమ్మ గది పోయిందని ఉక్రోషంగా ఉంది. ఇంటికెళ్ళి ఆయనే చెప్పాడు. అమ్మ విని లేచింది. కంచాలు పెట్టి అన్నం వడ్డించింది. ఆ రోజు మొదలు ఆవిడ నాన్నతో మాట్లాడలేదు. చెప్పదలుచుకున్నవన్నీ గిన్నెల చేత చెప్పించేది. వంటింట్లో అంత చప్పుడు కింద వాటాకు కూడా వినబడి, లచ్చమ్మ వెంట్రుకల ఫిర్యాదు కూడా మానుకుంది.

ఫిల్మ్‌నగర్‌లో గది మాట ఇక ఎవరం ఎత్తలేదు. నాన్న మాత్రం ఒక పొద్దున నా వైపు చూస్తూ, అందరికీ వెళ్ళి చెప్పి రావాలి అన్నాడు. కబురు పంపిస్తే చాలదా అన్నాను. నేను చేత్తో కొలిచాను కదమ్మా అన్నాడు. ఇద్దరం మెట్లు దిగుతుంటే వెనక తాళం వేసిన చప్పుడైంది. అమ్మ చెప్పులు వేసుకుని, ఒక్క మాటా లేకుండా మా వెనకాలే వచ్చేసింది.

మొదట కోటేశ్వరి గది. తలుపు తీసి, మమ్మల్ని చూసి, మొహం ఇంత చేసుకుని నవ్వింది. నాన్న గొంతు సవరించుకున్నాడు. సంచీలోంచి ఆ అమ్మాయి దారం తీశాడు. చీటీ వైపు చూస్తూ అలా నిలబడిపోయాడు. అప్పుడు అమ్మ ఆయన్ని దాటుకుని గుమ్మంలోకి వెళ్ళింది.

"అమ్మా, వేషం లేదు. మా ఆయన తల కొలిచాడు గానీ వేషం ఇచ్చే మనిషి కాదు. నీకు అలా అనిపించేట్టు చేసినందుకు ఏమీ అనుకోకు."

కోటేశ్వరి గడప మీద కూలబడింది. మా అమ్మకు చెప్పేశానండీ అంది మెల్లగా. అమ్మ పక్కనే కూర్చుంది. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో అప్పటికి సందు చివరకు జరిగి నిలబడ్డ మాకు వినబడలేదు. కాసేపటికి ఆ అమ్మాయి లేచి లోపలికెళ్ళి మా అందరికీ మంచినీళ్ళు తెచ్చింది. అక్కడి నుంచి ఇక అమ్మే ముందు, దారాల సంచీతో నాన్న వెనక, నేను వాళ్ళ వెనక. ఒకాయన మా మొహాన తలుపేశాడు. వంటమేస్త్రి మాత్రం పగలబడి నవ్వి, గుండే నయం, ఉతికే పని లేదు అన్నాడు. కొందరు తిట్టారు, నాన్న తల వంచుకుని అన్నీ విన్నాడు. యాదగిరి పోలీసు వేషానికని మీసం దువ్వుకుంటున్నవాడల్లా దువ్వెన ఆపి, అమ్మ చెప్పిందంతా విని, నాన్న భుజం మీద చెయ్యి వేశాడు.

"ఫికర్ జేయకు అన్నా. వేషం లేదన్న ముచ్చట మాకు కొత్త గాదు. గని లేదని చెప్పనీకె ఇంటిదాక వచ్చినోడు ఇప్పటిదాక ఒక్కడు లేడు."

ఆ మాటకు నాన్న కళ్ళు తుడుచుకున్నాడు. నాకు ఆయన మీదున్న కోపం కూడా ఎటు పోయిందో తెలియలేదు. తర్వాత రోజుల్లో వేషాలు దొరికినప్పుడు, మా విగ్గు భద్రం దగ్గరే కట్టించండి అని యాదగిరి లాంటివాళ్ళు అడిగేవాళ్ళు. అడిగినప్పుడల్లా జరిగేది కాదు, అప్పుడప్పుడూ జరిగేది. నాన్న చేతులు వణికేదాకా ఆ రెండు గదుల్లోనే పని చేశాడు. అమ్మ అన్నంలో వెంట్రుక చివరిదాకా వస్తూనే ఉంది. అది ఆవిడకు తక్కువ కష్టం కాదు, తక్కువని నేను రాయను.

ఇప్పుడు అదే కృష్ణానగర్‌లో వేషాల కోసం వచ్చిన పిల్లలు అరుగుల మీద కూర్చోవడం లేదు. గదిలో దుప్పటి కట్టి, దాని ముందు నిలబడి ఫోనులో నటించి పంపుతున్నారు. సుఖమే, ఎండలో నిలబడక్కర్లేదు. అవతలివాళ్ళు చూసినట్టు రెండు నీలం గీతలు పడతాయి, ఆ తర్వాత ఏమీ ఉండదు. శ్రావ్య స్నేహితురాలు ఒకతె ఆ గీతల వైపు ఎన్నాళ్ళుగా చూస్తోందో. చదివి చెప్పమని నాకు కథలు పంపే పిల్లలున్నారు. నచ్చనివాటికి కూడా, ఎందుకు నచ్చలేదో నా మాటల్లోనే రాసి పంపుతాను, సగం పొద్దు దానికే పోతుంది. రెడీగా ఒక జవాబు పెట్టుకుని అందరికీ అదే నొక్కెయ్యొచ్చు కదత్తా అంటుంది శ్రావ్య. నొక్కెయ్యొచ్చు. కానీ వాటిని రాసినవాళ్ళ మొహాలు నాకు కనిపిస్తూ ఉంటాయి. నేను పుస్తకాలు రాయడం కాలేజీలో నేర్చుకున్నాను, ఈ పని మాత్రం ఆ రోజు సందుల్లో అమ్మానాన్నల వెనక నడుస్తూ నేర్చుకున్నాను.

ఆ రోజు తిరిగి తిరిగి పొద్దుగూకే వేళకు ఒక సోడా బండి దగ్గర ఆగాం. నాన్న దూరంగా నిలబడ్డాడు. నువ్వు నాన్నతో మాట్లాడట్లేదు కదా, మరి మాతో ఎందుకొచ్చావు అని అడిగాను అమ్మని. అమ్మ సోడా సగం తాగి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"కోపం మీ నాన్న మీద. వాళ్ళ మీద కాదుగా," అంది. మిగిలిన సోడా నా చేతికిచ్చి, నాన్న వైపు తిరిగి, అన్ని రోజుల తర్వాత మొదటిసారి ఆయనతో మాట్లాడింది. "ఏవండీ, ఆ చివరి సందులో ఇంకా ఎవరో మిగిలారు. వాళ్ళ దారాలు బయటికి తియ్యండి, చీకటి పడకముందే వెళ్ళొద్దాం."